చామంతిలో తీర్థం

మల్లెదండ రాత్రి దేవుడి పటానికి వేస్తే తెల్లారేసరికి రంగు మారి ముడుచుకుపోతుంది. అదే పటానికి అదే పూట వేసిన చామంతి దండని మూడో రోజు కూడా తీసెయ్యడానికి చెయ్యి రాదు. రాజమండ్రి చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా ఈ సంగతి చెబుతారు. కడియపులంక పూలమార్కెట్లో బేరాలాడేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు: మల్లెలు ఆ పూటే అమ్ముడుపోవాలి, చామంతి గంప రేపటిదాకా ఆగుతుంది. ఎందుకని?

"దాని జాతే అంత" అంటాడు పూలు అమ్మే ఆయన. ఆ జవాబులో తప్పేమీ లేదు, కాకపోతే అసలు కథ ఆ జాతి దగ్గరే మొదలవుతుంది. మల్లె ఒక పువ్వు. సాయంత్రం విచ్చుకుంటుంది, చీకట్లో తిరిగే పురుగుల్ని వాసనతో పిలుస్తుంది, తెల్లారేసరికి దాని పని అయిపోతుంది. పని తీరిన పువ్వుని మొక్క పోషించదు. చామంతి మాత్రం ఒక పువ్వు కాదు.

ఒక్క తొడిమ మీద ఎన్ని పూలు

నమ్మకం కుదరకపోతే ఒంటిరేకు చామంతిని ఒకదాన్ని తెచ్చి గోటితో విప్పి చూడండి. దొరక్కపోతే గట్ల మీద పెరిగే గడ్డిచామంతి అయినా సరే. చుట్టూ ఉన్న ఒక్కో రేకుని జాగ్రత్తగా, మొదలుతో సహా లాగాలి. మొదట్లో చిన్న గొట్టం, దాని కింద గింజ కట్టబోయే బుడిపె కనిపిస్తాయి. మనం రేకు అనుకున్నది ఒక నిండు పువ్వన్నమాట. దాని ఆకర్షక పత్రాలన్నీ అతుక్కుపోయి ఒక పక్కకి నాలికలా సాగాయి. గడ్డిచామంతి రేకు కొసన మూడు గాట్లుంటాయి. అతుక్కున్న రేకుల ఆనవాలు అది.

ఇక మధ్యలో ఉన్న పసుపుపచ్చని దిమ్మెని చీల్చితే పొడుగాటి సన్న గొట్టాలు బయటపడతాయి. ప్రతి గొట్టమూ ఒక పువ్వే. కొసన అయిదు చిన్న కోణాలు, లోపల పుప్పొడి, దాని మధ్యలో కీలం, అడుగున ఒకే ఒక్క గింజకి చోటు. ఈ అధ్యాయంలో చుట్టూ ఉన్నవాటిని రేకుపూలు అనీ, మధ్యవాటిని నడిపూలు అనీ, మొత్తాన్ని పూగుంపు అనీ పిలుచుకుందాం. శాస్త్రజ్ఞులు పూగుంపుని క్యాపిట్యులమ్ అంటారు. పెద్ద పొద్దుతిరుగుడు పూగుంపులో నడిపూలు వెయ్యి దాటి ఉంటాయి.

కోనసీమ వాళ్ళకి దీని పనితీరు చెప్పడం సులువు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. వెదుళ్ళతో ఎత్తుగా కట్టి రంగురంగుల బట్టలు చుట్టిన ప్రభ వరిచేల మీదుగా వస్తుంటే చాలా దూరానికి కనిపిస్తుంది. జనం దాన్ని చూసి కదులుతారు. కానీ కొనడం, అమ్మడం జరిగేది ప్రభ దగ్గర కాదు, కింద జీళ్ళు, ఖర్జూరం, గాజులు పెట్టుకున్న కొట్ల దగ్గర. చామంతిలో రేకుపూలు ప్రభలు. తేనెటీగకి దూరం నుంచి కనిపించడమే వాటి ఉద్యోగం. చాలా జాతుల్లో వాటికి పుప్పొడే ఉండదు, కొన్నిటిలో గింజ కూడా కట్టవు. వ్యాపారమంతా నడిపూలది.

ఈ కొట్లన్నీ ఒకేసారి తెరుచుకోవు. అంచు వరస నడిపూలు మొదట విచ్చుకుంటాయి, మర్నాడు లోపలి వరస, ఆ తరవాత ఇంకా లోపలిది. కేంద్రం దాకా రావడానికి రోజులు పడుతుంది. ఒక్కో నడిపువ్వులోనూ ముందు పుప్పొడి వంతు, తరవాత కీలం వంతు. కీలం పెరుగుతూ పుప్పొడిని గొట్టంలోంచి పైకి నెడుతుంది, అది పురుగులకి అంటుకుని వెళ్ళిపోయాక కొస రెండుగా చీలి వేరేచోటి పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. తన పుప్పొడి తనకే పడకుండా ఇదొక జాగ్రత్త. ఆఖరి నడిపువ్వు పని ముగిసేదాకా చుట్టూ ఉన్న ప్రభలు నిలబడే ఉండాలి, లేకపోతే పురుగులు దారి మరిచిపోతాయి. అందుకే రేకుపూలు దిట్టంగా, ఓర్పుగా ఉంటాయి. పైగా చాలా పూలని తొందరగా వాడ్చేసే ఇథిలీన్ అనే వాయువుకి చామంతి రేకులు అంతగా లొంగవు. దండలో మూడు రోజుల చామంతి రహస్యం ఇదే.

ఇంగ్లీషు వాచకాల్లో పిల్లలు చదివే డైసీ ఈ ఏర్పాటుకి పేరుమోసిన నమూనా. బెల్లిస్ పెరెన్నిస్ దాని శాస్త్రీయ నామం. యూరప్ పచ్చికల్లో కలుపులా పెరుగుతుంది, చలిదేశపు మొక్క, మన మే నెల ఎండలు దానికి పడవు. దాని చుట్టాలకి మాత్రం ఇక్కడ కొదవలేదు. చామంతి, బంతి, జెర్బెరా, జీనియా, డాలియా, పొద్దుతిరుగుడు, కుసుమ, వినాయకచవితి మాచిపత్రి, దండల్లో కట్టే దవనం, అన్నీ ఒకే కుటుంబం. పూసే మొక్కల్లో దాదాపు పదింట ఒక జాతి ఈ కుటుంబానిదే. ఇంత పెద్ద కుటుంబం ఇంకొకటి ఉందంటే అది ఆర్కిడ్లదే. ఈ గెలుపుకి మూలం గుంపుగా ఉండి ఒక్కటిగా కనిపించే ఆ ఎత్తుగడే అని నా అభిప్రాయం. తేనెటీగ ఒకసారి వాలితే డజన్ల పూలకి పని జరిగిపోతుంది.

మరి ముద్దచామంతి, ముద్దబంతి సంగతో? వాటిలో నడిపూలు చాలావరకు రేకుపూలుగా మారిపోయాయి. తీర్థం నిండా ప్రభలే, కొట్లు లేవు. వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు చిత్రాల్లో కొన్ని పూలు ఇలాగే ముద్దగా ఉంటాయి. ఒక్క జన్యువులో జరిగిన మార్పు అలాంటి పూలని పుట్టిస్తుందని 2012లో అమెరికా పరిశోధకులు చూపించారు. కంటికి ఇంపైన ఈ మార్పు తేనెటీగకి నష్టం, గింజకి ఇంకా నష్టం. కడియం నర్సరీల్లో చామంతిని గింజల నుంచి కాక పిలకల నుంచి, కొమ్మ ముక్కల నుంచి పెంచడానికి ఇదొక కారణం. రెండో కారణం మరీ ముఖ్యమైనది: గింజ నుంచి వచ్చిన మొక్క తల్లి రంగునే పూస్తుందన్న హామీ లేదు.

ఛందస్సు చెప్పిన లెక్క

జెర్బెరా పువ్వుని దగ్గర పెట్టుకుని నడిపూల దిమ్మెని తేరిపార చూస్తే వంపు తిరిగిన వరసలు కనిపిస్తాయి. కొన్ని కుడివైపుకి, కొన్ని ఎడమవైపుకి. వాటిని లెక్కపెడితే ఒకవైపు 21, ఇంకోవైపు 34 అనో, పొద్దుతిరుగుడులో 34, 55 అనో, 55, 89 అనో వస్తాయి. ఇవి ఫిబొనాచీ సంఖ్యలు. 1, 2, 3, 5, 8, 13, 21, 34... ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండిటి మొత్తం.

ఫిబొనాచీ అనే ఇటలీ గణితజ్ఞుడు 1202లో రాసిన పుస్తకం వల్ల వాటికి ఆ పేరు స్థిరపడింది. మన దేశంలో ఛందస్సు పండితులు అంతకుముందే వాటిని పట్టుకున్నారు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? రెండు గురువులు, గురువు ముందు రెండు లఘువులు, గురువు తరవాత రెండు లఘువులు, రెండు లఘువుల మధ్య గురువు, నాలుగూ లఘువులే. అయిదు రకాలు. అయిదు మాత్రలకి ఎనిమిది, ఆరు మాత్రలకి పదమూడు. చివరి అక్షరం లఘువైతే ముందు ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు తక్కువ, ఆ రెండు లెక్కలూ కలిపితే జవాబు. విరహాంకుడు ఈ సూత్రం చెప్పాడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు మళ్ళీ వివరించాడు. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం తెలుగు చేసిన కాలానికి అది సుమారు వందేళ్ళ తరవాత.

చామంతికి ఛందస్సు రాదు, లెక్కలూ రావు. లేత పూగుంపులో కొత్త చిరుపువ్వు మొలకెత్తేటప్పుడు అంతకుముందు పుట్టినవాటికి వీలైనంత ఎడంగా, ఖాళీ ఎక్కువున్న చోట మొలుస్తుంది. అలా మొలుస్తూపోతే ఒకదానికీ తరవాతిదానికీ మధ్య కోణం సుమారు 137.5 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. ఆ కోణంలో పేర్చుకుంటూపోతే చోటు వృథా కాదు, వరసలు వాటంతటవే ఆ సంఖ్యల్లో పడతాయి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సంకేతాలు ఛేదించిన ఆలన్ ట్యూరింగ్ తన చివరి ఏళ్ళలో ఈ సమస్య మీదే పనిచేస్తూ 1954లో చనిపోయాడు. ఆయన గుర్తుగా జనం పెంచిన 657 పొద్దుతిరుగుడు పూలని లెక్కించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ పూలు ఫిబొనాచీ సంఖ్యలే చూపాయి. చూపనివి కూడా ఉన్నాయి. ప్రకృతి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుందని సామాజిక మాధ్యమాల్లో ఊదరగొట్టేవాళ్ళు ఈ రెండో వాక్యాన్ని వదిలేస్తుంటారు.

చామంతి తోటలో రాత్రి దీపాలు

కడియం వైపు రాత్రిపూట జాతీయ రహదారి మీద వెళ్ళేవాళ్ళకి కొన్నిచోట్ల చామంతి మడుల మీద బల్బుల తోరణాలు కనిపిస్తాయి. పెళ్ళీ లేదు, పండగా లేదు. మొక్కలకి చలి తగలకుండా అని కొందరూ, పురుగులు రాకుండా అని కొందరూ అనుకుంటారు. ఆ దీపాలు పూత రాకుండా ఆపడానికి.

చామంతి రాత్రి పొడుగుని కొలుస్తుంది. రాజమండ్రిలో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు చివర 11 గంటలు. ఎండాకాలం పొట్టి రాత్రుల్లో చామంతి ఆకులు, కొమ్మలు వేసుకుంటూ పోతుంది. దసరా దాటి రాత్రులు పొడుగయ్యాక మొగ్గ తొడుగుతుంది. గొబ్బెమ్మల మీదికి బంతులతోపాటు చామంతులు సరిగ్గా ధనుర్మాసంలో అందిరావడం పంచాంగం మహిమ కాదు, రాత్రి పొడుగు మహిమ.

మొక్కలు ఇలా రోజు నిడివిని పట్టి పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు ప్రకటించారు. అప్పట్లో అందరూ లెక్కలోకి వచ్చేది పగలే అనుకున్నారు. 1938లో హామ్నర్, బానర్ అనేవాళ్ళు ఆ అభిప్రాయాన్ని తిరగేశారు. వాళ్ళు ప్రయోగానికి వాడిన మొక్క కూడా చామంతి కుటుంబానిదే, మన ఊళ్ళల్లో పంచెలకీ గేదెల తోకలకీ అతుక్కునే ముళ్ళకాయల మరులమాతంగి లాంటిదే. దానికి ఒక్క పొడుగు రాత్రి దొరికితే చాలు, పూతకి వస్తుంది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే ఏమీ కాలేదు. రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే పూత ఆగిపోయింది. మొక్క లెక్కపెట్టేది తెగని చీకటినన్నమాట.

ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. ఎర్రని వెలుగు తగిలితే దాని రూపం మారుతుంది, చీకట్లో నెమ్మదిగా పాత రూపానికి వెళుతుంది. మధ్యరాత్రి బల్బు వేస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇంకో మెట్టు ఎక్కారు. పొట్టి రాత్రుల్లోనూ, దీపం వేసిన రాత్రుల్లోనూ చామంతి ఆకులు పూతని అడ్డుకునే ప్రోటీన్ ఒకటి తయారుచేసి కొమ్మ కొసకి పంపుతాయని కనిపెట్టారు. దీపం ఆర్పేస్తే ఆ అడ్డు తొలగుతుంది. పిలకలు తీసే తల్లిమొక్కలు తొందరపడి పూతకి వెళ్ళకుండా ఉండాలన్నా, మొక్క కాస్త ఎత్తు పెరిగాక అనుకున్న తేదీకి పూయించాలన్నా రైతు చేతిలో ఉన్న మీట ఆ స్విచ్చే. దీనికి వ్యతిరేక ఉపాయం కూడా ఉంది. ఎండాకాలంలో పూలు కావాలంటే సాయంత్రం త్వరగా నల్లగుడ్డ కప్పి రాత్రిని పొడిగిస్తారు.

మీ డాబా మీద కుండీలో చామంతి ఏపుగా పెరిగి సంక్రాంతికి కూడా పూయకపోతే ఎరువుని తిట్టుకునే ముందు తలెత్తి చూడండి. వీధిదీపం సరిగ్గా దాని మీద పడుతుండవచ్చు. కుండీని చీకటి మూలకి జరపండి.

మాచిపత్రి ఘాటు, దోమల చుట్ట

ఈ కుటుంబంలో చాలా మొక్కలు నలిపితే ఘాటు కొడతాయి, నోట్లో వేసుకుంటే చేదు. మేకలు తినకుండా, పురుగులు పట్టకుండా చేసుకున్న ఏర్పాటు అది. మనిషి దాన్ని బాగా వాడుకున్నాడు.

పైరెత్రమ్ అనే తెల్లరేకుల చామంతి ఎండిన పూల పొడి పురుగుల నరాల మీద పనిచేస్తుంది. జపాన్‌లో ఉయెయామా అనే ఆయన ఆ పొడితో దోమల కడ్డీలు చేశాడు. అవి తొందరగా కాలిపోతున్నాయని ఆయన భార్య యుకి చుట్టగా చుట్టమని సలహా ఇచ్చిందట. ఇప్పుడు దోమల చుట్టల్లోనూ, ద్రవాల్లోనూ ఉండేవి ఎక్కువగా ఆ పూల రసాయనాన్ని చూసి ప్రయోగశాలలో తయారుచేసిన నకళ్ళు. కాలవల డెల్టాలో దోమలకి కొదవలేదు, ఈ పువ్వు పేరున రోజూ సాయంత్రం ధూపం పడుతూనే ఉంది.

ఇంకొంచెం పైకి, రంపచోడవరం ఏజెన్సీకి వెళితే మన్యం జ్వరం కథ. మలేరియాకి ఇప్పుడిచ్చే ముఖ్యమైన మందు ఆర్టెమిసినిన్ నుంచి వచ్చింది. అది చైనా మాచిపత్రిలో దొరుకుతుంది. మన వినాయకచవితి పత్రిలో మొదట పూజించే మాచీపత్రానికి దగ్గరి చుట్టం. తు యుయు అనే శాస్త్రవేత్త పదహారు వందల ఏళ్ళనాటి వైద్యగ్రంథంలో ఆకుని మరిగించకుండా చన్నీళ్ళలో పిండమని చదివి, వేడి వల్లే మందు పాడవుతోందని పసిగట్టి, 1971లో తక్కువ వేడిలో ఈథర్‌తో దాన్ని బయటికి తీసింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది చదివి మన మాచిపత్రి కషాయం తాగితే మలేరియా తగ్గుతుందనుకోవద్దు. జాతి వేరు, అందులో ఆ మందు ఉంటుందన్న భరోసా లేదు. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి.

బంతి ఘాటు వేళ్ళలో ఉంది. మెక్సికో నుంచి వచ్చిన ఈ మొక్క వేళ్ళు వదిలే పదార్థం మట్టిలోని నులిపురుగుల్ని చంపుతుంది, అందుకే కూరగాయల మడుల్లో బంతి వేస్తారు. రేకుల్లోని పసుపు రంగు పదార్థాన్ని కోళ్ళ మేతలో కలిపితే గుడ్డు సొన రంగు ముదురుతుంది. దండలోకి వెళ్ళే బంతే ఆమ్లెట్‌లోకీ వెళ్ళగలదు.

గట్టు మీది చుట్టాలు

రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1781 నుంచి కలకత్తా వెళ్ళేదాకా సామర్లకోటలో మొక్కలు పెంచుతూ, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయిస్తూ, తెలుగు పేర్లు రాసుకుంటూ గడిపాడు. ఆయనకి పూలతోటలు ఎంత ముఖ్యమో గట్ల మీది కలుపూ అంతే ముఖ్యం. ఆ చూపు మనకీ ఉండాలి.

గోదావరి కాలవగట్టు మీద, వరిచేల తడిలో గుంటగలగర దొరుకుతుంది. గోరంత తెల్లని పూగుంపు, రేకులు సన్నగా దారాల్లా ఉంటాయి. కాడ నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. తలనూనె, పచ్చడి, కాటుక, మూడిటికీ పనికొచ్చే ఆకు. కాటుకకి దాని రసంలో గుడ్డ తడిపి ఆరబెట్టి ఆముదంతో వెలిగించేవాళ్ళు. దీని గింజలు నీటితో, బురదతో ప్రయాణం చేస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారడం మొదలయ్యాక దానికి ఇంతకన్నా మంచి ఊరు ఇంకెక్కడుంటుంది?

గడ్డిచామంతి గాలిని నమ్ముకుంది. ప్రతి గింజకీ నెత్తిన నూగు కిరీటం ఉంటుంది. మామూలు పువ్వులో పచ్చని రక్షక పత్రాలుగా ఉండవలసినవి ఇందులో నూగుగా మారాయి. ఇదే కుటుంబంలోని డాండెలయన్ గింజ ఎలా తేలుతుందో 2018లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు పొగతో చూశారు. నూగులో తొంభై శాతానికి పైగా ఖాళీయే. ఆ ఖాళీల్లోంచి దూసుకొచ్చిన గాలి గింజ నెత్తిన, దాన్ని తాకకుండా, గుండ్రని సుడిగా నిలబడుతుంది. ఆ సుడే గింజని పైకి లాగుతూ తొందరగా పడిపోకుండా ఆపుతుంది. అప్పటిదాకా అలాంటి సుడి నిలకడగా ఉండడం ఎవరూ చూడలేదు.

ఇక కుటుంబంలో చెడ్డపేరు తెచ్చిన చుట్టం వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చి 1950ల్లో పుణె దగ్గర కంటపడింది, ఆ తరవాత దేశమంతా పాకింది. 1984లో మెక్సికో నుంచి తెచ్చిన పెంకుపురుగుల్ని దాని మీదికి వదిలారు. అవి ఆకులు తింటాయి కానీ మొక్క అంతం కాలేదు. దాని పూగుంపుని భూతద్దంతో చూస్తే ఒక తమాషా తెలుస్తుంది. అంచున అయిదే అయిదు చిన్న రేకుపూలు, గింజ కట్టేవి అవే. నడిపూలు పుప్పొడి ఇచ్చి ఊరుకుంటాయి. తీర్థం తిరగబడింది, ఇక్కడ వ్యాపారం ప్రభలదే. పూగుంపుకి అయిదు గింజలే అయినా ఒక మొక్కకి వేల పూగుంపులు, కాబట్టి గింజలు పది వేలు దాటిపోతాయి.

దాని ఒంట్లో పార్థినిన్ అనే రసాయనం ఉంది. చర్మం మీద దద్దుర్లు తెప్పించేది ముఖ్యంగా అదే. పుప్పొడి ఉబ్బసం ఉన్నవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే మలేరియాని తగ్గించే ఆర్టెమిసినిన్, ఈ పార్థినిన్ ఒకే రసాయన తెగకి చెందినవి.

మొలిచిన నెల, నెలన్నరలో అది పూతకి వస్తుంది. మీ వీధిలో, బడి ఆవరణలో, చేనుగట్టు మీద కనిపిస్తే ఆ లోపే, వానకి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకెయ్యండి. పూత వచ్చాక పీకితే గింజల్ని మీ చేత్తో మీరే చల్లినట్టు.